బటన్ నొక్కిందెప్పుడు?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో రైల్వే కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడి కుదుదండ్‌లో ఓ ఇంట, రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో గంగవ్వ గొంతు వినబడితే వింతేం కాదు. ఆవిడ కనిపించే, జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పుట్టిన యూట్యూబ్ ఛానల్ ‘మై విలేజ్ షో’ అంత దూరం పాకింది.

‘ఆవిడ 2020లో బిగ్‌బాస్‌కి వెళ్లకముందే మేం సబ్‌స్క్రైబ్ చేశాం’ అని ఎవరైనా పందెం కాస్తే తేల్చేదెలా?

యూట్యూబ్ సబ్‌స్క్రిప్షన్ల జాబితాలో పేర్లుంటాయి, తేదీలుండవు. గూగుల్ టేకౌట్‌లో దించుకున్న ఫైల్‌లోనూ ఛానల్ పేరు, లింకులే. తేదీ కావాలంటే గూగుల్ ‘మై యాక్టివిటీ’లోకి వెళ్లి, ‘అదర్ యాక్టివిటీ’లో యూట్యూబ్ సబ్‌స్క్రిప్షన్లు వెతుక్కోవాలి.

రైలు టికెట్‌ మీదే బుక్ చేసిన తేదీ కనిపిస్తుంది. సబ్‌స్క్రైబ్ చేసిన తేదీనీ బటన్ పక్కనే చూపిస్తే యూట్యూబ్‌కి పోయేదేముంది?