నిధి దొరికినవాడు దొంగ కాదు

గుప్తనిధుల ముఠా పట్టుబడిందన్న వార్త చదవని జిల్లా పేజీ పాఠకుడు ఉండడు. బల్ల మీద మెటల్ డిటెక్టర్, గునపాలు, నిమ్మకాయలు, పసుపు కుంకుమ. వాటి వెనుక తలలు వంచుకుని నిలబడ్డ నలుగురైదుగురు. కథనం చివర దాదాపు ప్రతిసారీ ఒకే వాక్యం: భూమిలో ఏది దొరికినా అది ప్రభుత్వానిదే, దాచుకుంటే జైలే. నాణేలూ శాసనాలూ చదువుకునేవాడిగా ఈ వాక్యం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇందులో రెండో సగం మాత్రమే నిజం. మొదటి సగం మన చట్టంలో ఎక్కడా లేదు. ఆ లేని మాటను పదేపదే అచ్చువేసి, నిజాయితీగా కలెక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రైతును పత్రికలే కంసాలి కొట్టు వైపు తోస్తున్నాయి.

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. (నిజాం రాజ్యంలో దీనికి విడిగా చట్టం ఉండేది కాబట్టి తెలంగాణ లెక్క కొంత వేరు. ఇక్కడ నేను మాట్లాడేది 1878 చట్టం గురించే.) నేలలో గానీ, నేలకు అతికి ఉన్న కట్టడంలో గానీ దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా ఈ చట్టం దృష్టిలో నిధే. దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాడు 4వ సెక్షన్ కింద వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ రోజు అన్నవి అందులో ఉండాలి. సొత్తును దగ్గర్లోని ట్రెజరీలో జమ చెయ్యాలి, లేదా అడిగినప్పుడు తెచ్చిస్తానని హామీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన ఇచ్చి, హక్కుదారులెవరైనా ఉంటే రమ్మంటాడు. ఆ హాజరు తేదీ ప్రకటన తర్వాత నాలుగు నెలల లోపు గానీ, ఆరు నెలలు దాటాక గానీ ఉండకూడదు. విచారణలో సొత్తుకు యజమాని లేడని తేలితే ఏమవుతుంది? నేల సొంతదారుగా మరెవరూ ముందుకు రాకపోతే మొత్తం దొరికినవాడికే. వచ్చి, ఇద్దరి మధ్యా వేరే ఒప్పందమేదీ లేకపోతే ముప్పాతిక దొరికినవాడికి, పాతిక నేల సొంతదారుకు. ప్రభుత్వానికి అందులో వాటా లేదు.

కౌలురైతు దుక్కిలో లంకెబిందె తగిలితే, చట్టం ప్రకారం భూస్వామికన్నా ఆ కౌలురైతుకే మూడు రెట్లు ఎక్కువ రావాలి. ఈ సంగతి తెలిసిన కౌలురైతు ఎక్కడైనా ఉన్నాడా? తెలిపే బాధ్యత ఎవరిది?

20వ సెక్షన్ సంగతీ చెప్పుకోవాలి. కబురు చెయ్యకుండా దాచినవాడి వాటా ప్రభుత్వానికి పోతుంది, ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వార్తలకు ఎక్కేది ఈ ఒక్క సెక్షనే. హక్కు ఇచ్చిన సెక్షన్లు ఎక్కవు.

అయితే చట్టమంతా బంగారమేమీ కాదు. దాని అసలు జబ్బు 16వ సెక్షన్‌లో ఉంది. నా అభిప్రాయంలో ఈ వ్యవహారమంతటికీ మూలం అదే. సొత్తును పంచేలోపు కలెక్టరు దాన్ని ప్రభుత్వం తరఫున తీసుకోవచ్చు. మ్యూజియాలకు నాణేలు చేరే దారుల్లో అదొకటి, మంచిదే. మరి ఎంతిచ్చి తీసుకోవాలి? ఆ వస్తువులో ఉన్న లోహం విలువ, దాని మీద ఐదో వంతు. అంతే. వయసుకు ధర లేదు, అరుదుదనానికి ధర లేదు, దాని మీద చెక్కిన పేరుకు ధర లేదు. రాయల వరాహానికి కట్టే ధరా, అదే బరువున్న అదే వన్నె ముక్కుపుడక తునకకు కట్టే ధరా ఒకటే. శాతవాహన రాజు పేరున్న సీసపు నాణేనికి తూకం వేస్తే వచ్చేది ఒకటో రెండో రూపాయలు. పది రూపాయల హద్దు కూడా ఆనాటిదే. 1878లో రూపాయంటే తులం బరువు వెండి నాణెం, పది రూపాయలంటే పది తులాలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. అంకె అలాగే ఉండిపోయింది, రూపాయి మారిపోయింది.

దీని పక్కనే 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టాన్ని పెట్టి చదవండి. నూరేళ్లు దాటిన నాణేలు, విగ్రహాలు, శాసనాల ఎగుమతిని ప్రైవేటు వ్యక్తులకు నిషేధించింది ఈ చట్టమే. దీని కింద కూడా ప్రభుత్వం ఒక పురావస్తువును నిర్బంధంగా తీసుకోవచ్చు. కానీ పరిహారం మీద ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తి వస్తాడు. అతను వస్తువు ఏ కాలానిదో, కళాపరంగా చారిత్రకంగా దాని ప్రాముఖ్యమెంతో, ఎంత అరుదైనదో చూసి ధర తేల్చాలని 20వ సెక్షన్ చెబుతోంది. అంటే నగరంలో అద్దాల బీరువాలో నాణేలు పెట్టుకున్న సేకర్తకు చరిత్ర లెక్కన పరిహారం, నాగలికి తగిలి దొరికిన రైతుకు తూకం లెక్కన పరిహారం. ఒకే దేశంలో, ఒకే నాణేనికి. 1972లో ఈ తేడాను ఎవరూ సరిదిద్దలేదు. నా మటుకు నాకు ఇది అన్యాయమే.

తూకం ధర ఏం చేస్తుందో చెప్పడానికి మన నెల్లూరే సాక్ష్యం. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాతిగుట్ట వాలులో దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండ నిండా బంగారు నాణేలు. క్రీస్తు శకం 2వ శతాబ్దపు రోమన్ నాణేలవి, ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టినాల పేర్లతో. అతను వాటిని పాత బంగారం లెక్కన అమ్మేశాడు. చాలావరకు మూసలో కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు చేతికి ముప్పై పైచిలుకు మాత్రం దక్కాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిని చూసి రాసిన ఉత్తరం 1790లో ‘ఏషియాటిక్ రిసెర్చెస్’లో అచ్చయింది కాబట్టి ఈ మాత్రమైనా మనకు తెలిసింది. కుండలో మొత్తం ఎన్ని ఉన్నాయో, అన్నిటికన్నా కొత్త నాణెం ఏ రాజుదో ఇక ఎప్పటికీ తెలియదు. ఆ కొత్త నాణెమే కుండను ఎప్పుడు పూడ్చారో చెప్పగలిగేది. ఆ రైతును తప్పుపట్టలేం, అతనికి దక్కిన ధర అది. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత వచ్చిన చట్టం కూడా అదే ధరకు ఐదో వంతు మాత్రమే కలిపింది.

దీనికి ఎదురుగా నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఏం జరిగిందో చూడండి. అక్కడ 1,531 రోమన్ వెండి నాణేలు ఒకచోట దొరికాయి. 1965లో పరమేశ్వరీలాల్ గుప్తా వాటిని ఆంధ్రప్రదేశ్‌లోని మిగతా రోమన్ నాణేలతో కలిపి గ్రంథస్తం చేశారు. దాదాపు అన్నీ అగస్టస్, టైబీరియస్ కాలానివని, కొన్నింటి మీద గాటు పెట్టారని తెలిసిందంటే రాశి చెదరకుండా చేతికి రావడం వల్లనే. వాటిలో ఇరవై కరిగితే చరిత్రకు నష్టం కొంత, రాశి చెదిరితే నష్టం మొత్తం. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో పైపైన దొరికిన నాణేలు స్థానికుల చేతుల మీదుగా పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులకు చేరబట్టే శాతవాహనుల తొలి రాజు చిముకుడి నాణేలు మనకు తెలిశాయి. వారికి ముందు అక్కడ ఏలిన గోబద, నారన, కంవాయసిరి, సమగోపుల పేర్లు నాణేల మీద తప్ప మరెక్కడా లేవు. వానకు పైకి తేలిన నాణేన్ని ఏరి, ఎక్కడ దొరికిందో చెప్పి అప్పగించిన మనిషి తెలుగు చరిత్రకు చేసిన మేలు అది. అలాంటి మనిషికి 16వ సెక్షన్ ఇవ్వగలిగేది ఒకటో రెండో రూపాయలు.

ఇప్పుడు మెటల్ డిటెక్టర్ సంగతి. ఈ మధ్య దాన్ని సరదాగా మొదలుపెడుతున్న కుర్రాళ్లు కనిపిస్తున్నారు. యూట్యూబులో ఇంగ్లండు పొలాల్లో నాణేలు తీసే వీడియోలు చూసి, ఆన్‌లైన్‌లో యంత్రం తెప్పించుకుని, పాత కోట చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లంతా దొంగలని నేను అనను. కానీ ఆ పని ఇక్కడ వద్దంటాను, కారణం చెబుతాను. మామూలు యంత్రం నాణెమంత వస్తువును మహా అయితే అడుగు లోతు దాకా పసిగడుతుంది. ఇనుప రజను ఎక్కువున్న మన ఎర్రనేలల్లో వస్తువు లేకున్నా మోగుతుంది. పదుల అడుగుల లోతున బంగారం చూపిస్తాయని లక్షలకు అమ్మేవన్నీ మోసమే. ఆ అడుగు లోతులోనే గుంత తవ్వి నాణెం ఒక్కటే లాగితే, పక్కనున్న కుండ పెంకు, బొగ్గు, ఇటుక ఏ పొరలో ఉన్నాయో చెరిగిపోతుంది. రక్షిత కట్టడాల దగ్గరైతే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం అనుమతి లేని తవ్వకం నేరం. గర్భగుడి కింద, ధ్వజస్తంభం కింద, నంది కింద తవ్వేవాళ్లది మరో దారి. ఆలయం కట్టేటప్పుడు గర్భన్యాసం పేరుతో రాగి పెట్టెలో రత్నాలు, కాస్త బంగారం ఉంచే ఆచారం నిజంగానే ఉంది. ఆ చిటికెడు కోసం తెలంగాణలో ఎన్ని కాకతీయ నందులు బోర్లాపడ్డాయో ఊళ్లలో తిరిగేవాళ్లకు తెలుసు.

యంత్రాన్నీ కుర్రాళ్లనూ తిట్టే నోళ్లు ప్రభుత్వం చేసిన పనిని ఎందుకు ప్రశ్నించవు? 2013 అక్టోబరులో ఒక సాధువు కలను పట్టుకుని ఉత్తరప్రదేశ్‌లోని దౌండియాఖేడాలో కేంద్ర పురావస్తు శాఖే గునపం పట్టింది. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వారు. రెండు చోట్లా బంగారం రాలేదు. చెన్నంపల్లిలో పోలీసు బందోబస్తు మధ్య అధికారులు తవ్వడం చూసిన పక్క ఊరి మనిషికి, నిధుల కోసం తవ్వడం నేరమని ఏ నోటితో చెబుతాం?

నిధి ఎవరిదన్న ప్రశ్న మనకు కొత్తదీ కాదు. కౌటిల్యుడు దొరికినవాడికి ఆరో వంతు ఇమ్మన్నాడు. విజయనగర కాలపు దానశాసనాల్లో భూమితో పాటు అష్టభోగాలూ ధారపోస్తారు, వాటిలో మొదటివి నిధి, నిక్షేపాలే. నిన్నమొన్నటి దాకా మన క్రయ దస్తావేజుల్లో కూడా నిధి నిక్షేప జల తరు పాషాణాలంటూ ఆ వరస నడిచింది. దస్తావేజులో రాసుకున్నంత మాత్రాన లంకెబిందె మొత్తం తనదేననుకునే భూస్వాములు ఇప్పటికీ ఉన్నారు. కాదు, 1878 చట్టం వాళ్లకిచ్చింది పాతికే. రాజు, దానగ్రహీత, భూస్వామి, ఇలా శతాబ్దాలుగా పైవాళ్ల మధ్య తిరిగిన సొత్తులో పెద్ద వాటా మొదటిసారి తవ్విన చేతికి దక్కింది ఈ పరాయి పాలనా చట్టంలోనే. అందుకే దీన్ని రద్దు చెయ్యమని నేను అడగను.

ఇంగ్లండును చూపించి ఇక్కడా డిటెక్టర్ సరదాకు తలుపులు తియ్యమనేవారికి ఒక మాట. 1992లో హోక్స్‌నీలో ఒకాయన పొలంలో పోయిన సుత్తి కోసం డిటెక్టర్‌తో వెతుకుతుంటే రోమన్ నిధి తగిలింది. ఆయన మొత్తం తవ్వేయకుండా ఆగి కబురు పెట్టాడు. పురావస్తు నిపుణులు తీశారు కాబట్టి దాదాపు 15 వేల నాణేలతో పాటు నిధి ఉన్న పెట్టెలో ఏది ఎక్కడ సర్ది ఉందో కూడా తెలిసింది. ఆయనకు ముట్టింది మార్కెట్ ధర, 17.5 లక్షల పౌండ్లు. 1996 నాటి అక్కడి ట్రెజర్ చట్టం కూడా స్వతంత్ర కమిటీ కట్టే మార్కెట్ ధర మీదే నడుస్తోంది. అలాంటి చోట కూడా 2015లో లెమిన్‌స్టర్ దగ్గర ఇద్దరు ఆల్ఫ్రెడ్ రాజు కాలపు నిధిని దొంగచాటుగా అమ్ముకున్నారు. దాదాపు మూడు వందలు అనుకున్న నాణేల్లో ముప్పై చిల్లరే దొరికాయి, ఆ ఇద్దరికీ 2019లో జైలుశిక్ష పడింది. ఆ దేశం నుంచి మనం తెచ్చుకోవాల్సింది ధర కట్టే పద్ధతి. యంత్రం పట్టుకుని తిరిగే సరదా అక్కర్లేదు.

ధర పెంచితే ఊరంతా గునపాలు పడతారన్న వాదన నాకు తెలుసు. పునాదికో, దుక్కికో, భూమి చదునుకో తవ్వుతుంటే అనుకోకుండా దొరికినవాడికే పూర్తి ధర, నిధి కోసమే అనుమతి లేకుండా వెతికినవాడికి ఏమీ లేదని రాస్తే ఆ భయం నిలవదు. 2021లో జనగామ జిల్లా పెంబర్తిలో వెంచర్ కోసం నేల చదును చేస్తుంటే నగల బిందె బయటపడి అధికారుల చేతికి చేరింది. అలా అప్పగించే మనిషికి చట్టం తోడుండాలి.

ఇందుకు ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 44వ అంశం నిధుల గురించే. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 16వ సెక్షన్‌లో లోహం విలువ, ఐదో వంతు అన్న మాటలు తీసేసి 1972 చట్టం 20వ సెక్షన్ కొలమానాన్ని పెట్టాలి, పది రూపాయల హద్దును మార్చాలి, పురావస్తువుల కోసం డిటెక్టర్ వాడాలంటే అనుమతి తప్పనిసరి చెయ్యాలి. తెలంగాణ తన చట్టాన్ని అదే దారిలో సవరించుకోవాలి. ప్రతి తహశీల్దారు కార్యాలయం గోడ మీద దొరికినవాడి ముప్పాతిక వాటా సంగతి తెలుగులో రాయించాలి. ఇక నాతోటి పత్రికా రచయితలకు విన్నపం: ఈసారి ముఠా వార్త రాసేటప్పుడు చివర ఆ పాత వాక్యం తీసేసి, దొరికినది కలెక్టరుకు రాసిస్తే ఎవరికెంత వస్తుందో రాయండి.