సగం కంచం ఎందుకు మిగిలిపోతుంది?

పక్షవాతం నుంచి తేరుకుంటున్న మనిషి కంచంలో కుడివైపున్నది తినేసి, ఎడమవైపు కూర ముట్టకుండానే చేయి కడిగేసుకుంటాడు. కళ్లెదుట ఉన్నదే కనిపించదా, ఇంత పరధ్యానమేమిటని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. గడియారం బొమ్మ గీయమంటే 12 అంకెలనూ కుడి సగంలోనే ఇరికించేవాళ్లున్నారు. ఇది పరధ్యానం కాదు, మొండితనం అసలే కాదు. మెదడు కుడి సగంలో, ముఖ్యంగా నడినెత్తికి కాస్త వెనకనుండే పెరైటల్ భాగంలో దెబ్బ తగిలితే ఎడమవైపు లోకం మీదికి ధ్యాస మళ్లదు. ధ్యాస పెట్టడం, పెట్టకపోవడం మన ఇష్టమేనని నమ్ముతాం గానీ, ఆ ఇష్టం సాగాలన్నా మెదడు నిర్మాణం సహకరించాలి.

చూపే పోయిందేమోనని ఎవరికైనా అనిపించవచ్చు. దానికి గట్టి జవాబు ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చింది. ఎడ్వార్డో బిసియాక్, క్లాడియో లుజాట్టి ఇలాంటి ఇద్దరు రోగుల మీద 1978లో ఒక పరిశీలన ప్రచురించారు. ఆ ఊరి పెద్ద చర్చి ముందున్న మైదానం రోగులకు బాగా తెలిసిన చోటు. చర్చికి ఎదురుగా, మైదానం అవతలి కొసన నిలబడ్డట్టు ఊహించుకుని చుట్టూ ఏమున్నాయో చెప్పమంటే కుడివైపు కట్టడాలే ప్రధానంగా చెప్పారు. ఇప్పుడు చర్చి గుమ్మం దగ్గర నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించుకోమన్నారు. ఇందాక వదిలేసినవి చాలా నోటికొచ్చాయి, ఇందాక చెప్పినవి చాలావరకు జారిపోయాయి! ఊహలో కంటికి పనేముంది? జ్ఞాపకం చెరిగిపోలేదని కూడా వాళ్ల మాటలే తేల్చాయి. మెదడు ఎడమ సగం ఎక్కువగా కుడివైపునే కనిపెట్టుకుని ఉంటుందనీ, కుడి సగం రెండువైపులా చూసుకుంటుందనీ ఎక్కువమంది శాస్త్రజ్ఞులు చెప్పే వివరణ. అందుకే కుడి సగం దెబ్బతింటే ఎడమవైపును పట్టించుకునే దిక్కుండదు.

అంతా నిర్మాణం చేతిలోనే ఉంటే మనిషి ప్రయత్నానికి విలువేముందని అడగవచ్చు. నిర్మాణం మారని రాత కాదు. చాలామందిలో మొదటి వారాలు, నెలల్లోనే మెరుగు కనిపిస్తుంది. పేజీ ఎడమ అంచున ఎర్రగీత గీసి, అది కనిపించేదాకా తల తిప్పి చదవడం నేర్పుతారు. అయితే తన ధ్యాసలో లోటుందన్న సంగతే రోగికి చాలాసార్లు తెలియదు. కసిరితే తెలిసొచ్చేది కాదది. ఎడమనుంచి వచ్చే బండిని గమనించని మనిషిని ఒంటరిగా రోడ్డు మీదికి పంపడం ఎంత ప్రమాదం! ఈ లోటును పసిగట్టడానికి తేలికైన పరీక్ష ఉంది: కాగితం మీద అడ్డగీత గీసి దాని నడుమ గుర్తు పెట్టమంటే ఇలాంటివాళ్లు తరచూ బాగా కుడికి జరిపి పెడతారు. పక్షవాతం రోగిని ఇంటికి పంపేముందు ప్రతి ఆసుపత్రీ కాలూచేయీ కదలికతో పాటు ఈ పరీక్షా చేసి, ఫలితమేమిటో ఇంటివాళ్లకు విడమరిచి చెప్పాలి.