సైకిలుకు చోటిచ్చు పట్టణము

నల్లమల అడవులలోని అమ్రాబాదు పీఠభూమికి హైదరాబాదు వైపునుండి పోవువారు మన్ననూరు వద్ద అటవీశాఖవారి తనిఖీ ద్వారమును దాటవలెను. శ్రీశైలమునకు పోవు జాతీయ రహదారి అదియే. రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు ఆ దారిన సామాన్య వాహనములను పోనీయరు. అమ్రాబాదు పులుల అభయారణ్యములో రాత్రివేళ దారి దాటు జంతువులు చక్రముల క్రింద పడి చావరాదని ఈ కట్టుబాటు. యాత్రికుడైనను, సరకు మోయు లారీయైనను తెల్లవారువరకు ఆగవలసినదే. రహదారి వేగముగా పోవువాని సొత్తు మాత్రమే కాదనియు, నెమ్మదిగా దాటు ప్రాణికిని దానిపై హక్కున్నదనియు ప్రభుత్వము ఒప్పుకొన్న చోటు అది.

అడవిలో ఒప్పుకొన్న ఈ సూత్రమును పట్టణములో ఒప్పుకొనుట సాధ్యమా? సైకిలు తొక్కువారికి ఏ నగరము మంచిదన్న ప్రశ్న చివరకు ఈ ప్రశ్నగానే తేలుచున్నది.

సాధారణముగా దీనికి వచ్చు సమాధానము సైకిలు బాట. ఎన్ని కిలోమీటర్ల బాట వేసినారన్న లెక్కతో నగరముల గొప్పను కొలుచుట పరిపాటియైనది. ఆ లెక్కన హైదరాబాదుకు చెప్పుకొనదగిన నిర్మాణమే ఉన్నది. 2023 అక్టోబరు 1వ తేదీన అవుటర్ రింగు రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను ప్రారంభించినారు. నానక్‌రాంగూడనుండి పోలీసు అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, నార్సింగినుండి కొల్లూరు వైపు 14.5 కిలోమీటర్లు. వెడల్పు 4.5 మీటర్లు. పైన కప్పుగా సౌర ఫలకములు అమర్చినారు. వాటి సామర్థ్యము 16 మెగావాట్లు. పగలు నీడ, రాత్రి వెలుగు, మోటారు వాహనముల తాకిడి లేని దారి, ఈ మూడును ఒకచోట సమకూర్చిన నిర్మాణమును తేలిక చేయుట తగదు.

అయినను ఆ బాట ఎవరికి ఎంత ఉపయోగపడుచున్నదో విచారింపవలెను. అది నగరపు అంచున, వేగమునకై నిర్మించిన రహదారి ప్రక్కన పోవుచున్నది. వ్యాయామమునకు, వినోదమునకు అది చక్కని వసతి. కాని పాతబస్తీలో తెల్లవారుజామున పాలక్యానులు కట్టుకొని బయలుదేరువానికి, ఇంటింటికి పత్రికలు వేయు కుర్రవానికి, రాత్రి కాపలా ముగించుకొని ఇల్లు చేరు కాపలాదారునికి అది దారిలో తగులదు. వారు పోవలసినది బజారులగుండ, వంతెనలమీదుగ, నాలుగు రోడ్ల కూడళ్ళగుండ. అక్కడ వారికి ప్రత్యేకించిన చోటు లేదు. 2017 నవంబరులో మెట్రో రైలు నడుచుట ఆరంభమైన పిమ్మట కొన్ని స్టేషన్లవద్ద అద్దె సైకిళ్ళు నిలిపినారు. ఆలోచన మంచిదే. తెలుగు ఊళ్ళలో గంటల లెక్కన సైకిలు అద్దెకిచ్చు కొట్లు ఒకప్పుడు వీధి వీధికి ఉండెడివి. అయితే అద్దెకు సైకిలు దొరికినంత మాత్రమున దానిని నిర్భయముగా తొక్కు వీధి దొరికినట్లు కాదు.

సైకిలును గూర్చి చర్చ జరిగినప్పుడెల్ల ఆరోగ్యము, వాతావరణము, ఇంధనపు పొదుపు ప్రస్తావనకు వచ్చును. అవన్నియు నిజమే. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినముగా ప్రకటించుటకు ఇట్టి కారణములే మూలము. కాని ఈ దేశములో సైకిలు మొదట పేదవాని వాహనము. 2011 జనగణన ప్రకారము దేశములో నూటికి సుమారు 45 ఇండ్లలో సైకిలు ఉన్నది. వ్యవసాయమును, ఇంటి పరిశ్రమలను మినహాయించి ఇతర పనులు చేయువారిలో నూటికి సుమారు 13 మంది సైకిలుపై పనికి పోవుచున్నట్లు ఆ జనగణన తెలిపినది. వీరు సైకిలును ఆదర్శము కొరకు ఎన్నుకొన్నవారు కారు; వేరు వాహనము కొనలేక తొక్కువారు. కొనుశక్తి రాగానే వారిలో పెక్కుమంది మోటారు సైకిలుకు మారుచున్నారు. దీనికి వారిని తప్పు పట్టుటకు లేదు. సైకిలుపై పోవువానికి వీధిలో భద్రతయు లేదు, గౌరవమును లేదు.

ఉపాధ్యాయులకు ఈ విషయము మరొక మార్గమున బాగుగా తెలియును. విద్యాహక్కు చట్టము క్రింద ఏర్పడిన నియమములు ప్రాథమిక పాఠశాల సాధారణముగా 1 కిలోమీటరు లోపలను, ప్రాథమికోన్నత పాఠశాల 3 కిలోమీటర్ల లోపలను ఉండవలెనని చెప్పుచున్నవి. ఉన్నత పాఠశాల 5 కిలోమీటర్ల లోపల ఉండవలెనన్నది 2009లో ఆరంభమైన మాధ్యమిక విద్యా పథకపు లక్ష్యము. 5 కిలోమీటర్లు నడుచుటకు గంటకు పైగా పట్టును. సైకిలుపై అదే దూరము 20, 25 నిమిషములు. ఎనిమిదవ తరగతి దాటిన పిల్ల చదువు సాగుటకును ఆగుటకును మధ్య ఎన్నోచోట్ల ఉన్న భేదము ఈ ముప్పావుగంటయే.

దీనికి నిదర్శనములు ఉన్నవి. తమిళనాటి పుదుక్కోట్టై జిల్లాలో 1990వ దశకపు తొలి సంవత్సరములలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు గ్రామీణ స్త్రీలు వేలకొలదిగా సైకిలు నేర్చినారు. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ అందుకు ప్రోత్సాహమిచ్చినారు. చదువు నేర్చుటకు వచ్చినవారు సైకిలు నేర్చిన తరువాత బజారుకు, నీటికి, పనికి ఎవరిమీదను ఆధారపడక పోగలిగినారు. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకు సొమ్మిచ్చు పథకము పెట్టినది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అను ఆర్థికవేత్తలు దానిని పరిశీలించి, ఆ వయస్సు బాలికల చేరిక నూటికి 32 వంతులు పెరిగినదనియు, బాలబాలికల నడుమ అంతరము నూటికి 40 వంతులు తగ్గినదనియు తేల్చినారు. పెరుగుదల ముఖ్యముగా కనిపించినది ఉన్నత పాఠశాలకు 3 కిలోమీటర్లకు మించి దూరమున్న గ్రామములలో. ఆంధ్రప్రదేశములోను ‘బడికొస్తా’ పేరిట ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచిన కాలమున్నది.

సైకిలు ఇచ్చుట సగము పని. మిగిలిన సగము దారి. పల్లెనుండి బయలుదేరిన బాలిక మట్టిబాటపై నిశ్చింతగానే వచ్చును. ఆమెకు చిక్కు పట్టణపు పొలిమేరలో ఆరంభమగును. అక్కడ జాతీయ రహదారియో, వెడల్పు చేసిన పెద్ద రోడ్డో అడ్డుపడును. లారీలు, బస్సులు, ఆటోలు ఒకదానిని మించి ఒకటి పోవు ఆ చోట ఆమె సైకిలు దిగి, హ్యాండిలు పట్టుకొని, సందు కొరకు ఎదురుచూచుచు నిలువవలసి వచ్చును. ఒక ఊరు సైకిలుకు ఎంత అనుకూలమో తెలిసికొనుటకు ఇంతకంటె సులభమైన కొలత లేదు. తొక్కువాడు భయముచేత దిగవలసిన చోట్లు ఎన్నియని లెక్కించిన చాలును.

ఆ భయము నిరాధారము కాదు. 2022లో దేశమందలి రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా శాఖ ప్రకటించినది. వారిలో నూటికి సుమారు 20 మంది పాదచారులే. ప్రమాదమునకు పలు హేతువులున్నను ప్రాణము తీయునది ముఖ్యముగా వేగము. కారు ఢీకొన్నప్పుడు దాని వేగము గంటకు 50 కిలోమీటర్లనుండి 65 కిలోమీటర్లకు పెరిగినచో పాదచారి చనిపోవు అవకాశము నాలుగున్నర రెట్లగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పెరిగినది 15 కిలోమీటర్లు మాత్రమే. ఉక్కు పెట్టె రక్షణ లేని సైకిలువాని స్థితియు పాదచారి స్థితి వంటిదే. కనుకనే జనము మసలు వీధులలో వేగమును 30 కిలోమీటర్లకు పరిమితము చేయవలెనని 2020లో స్టాక్‌హోము నందు సమావేశమైన దేశముల ప్రతినిధులు ప్రకటించినారు.

సైకిలు నగరములను గూర్చి చెప్పునప్పుడు హాలెండును పేర్కొనుట ఆచారము. అది చల్లని దేశమనియు, సమతల ప్రదేశమనియు, అక్కడి ప్రజల స్వభావమే అట్టిదనియు చెప్పి ఊరకుండుటయు ఆచారమే. కాని చరిత్ర వేరు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అక్కడను కార్లు విపరీతముగా పెరిగి, సైకిలు వెనుకబడినది. 1971లో ఆ చిన్న దేశములో రోడ్లపై సుమారు 3,300 మంది మరణించినారు; వారిలో నాలుగువందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధులలోనికి వచ్చి, ఇది పిల్లల హత్య, దీనిని ఆపవలెనని ఉద్యమించినారు. 1973లో చమురు సంక్షోభము తోడై, కొన్ని ఆదివారములు కార్లను నిలిపివేయవలసి వచ్చినది. గ్రోనింగెన్ నగరము 1977లో తన నడిబొడ్డును నాలుగు భాగములు చేసినది. ఒక భాగమునుండి మరొక దానికి కారు నేరుగా పోరాదు, చుట్టు తిరిగి పోవలెను. సైకిలు నేరుగా పోవచ్చును. వర్తకులు మొదట గట్టిగా ప్రతిఘటించినారు. నేడు ఆ నగరము సైకిలుకు పేరుపడినది. ప్రజల స్వభావము నిర్ణయమును పుట్టింపలేదు. నిర్ణయమే క్రమముగా ప్రజల అలవాటును పుట్టించినది.

ఎండ మాటేమని కొందరు అడుగుదురు. స్పెయిను దేశమందలి సెవిల్లె నగరములో వేసవిలో 40 డిగ్రీలు దాటుట సామాన్యము. 2006 ప్రాంతమున అక్కడి ప్రయాణములలో సైకిలు వాటా నూటికి ఒకటికంటె తక్కువ. నాలుగైదేండ్లలో సుమారు 120 కిలోమీటర్ల సైకిలు బాటలను, ఒకదానితో ఒకటి కలియునట్లు, మోటారు వాహనములనుండి వేరుపరచి వేసినారు. చాలచోట్ల కార్లు నిలుపు స్థలమునే తీసి బాటకిచ్చినారు. సైకిలు వాటా సుమారు ఆరు వంతులకు పెరిగినది. అక్కడి విజయమునకు కారణము పొడవు కాదు, తెగని కలయిక. బాట కూడలికి ముందు ఆగిపోయినచో, ప్రమాదమున్న చోటనే ఆసరా లేకుండ పోయినదన్నమాట. చెట్టు నీడ లేనిచో తెలంగాణ వేసవిలో బాట ఉండియు లేనట్లే. వేప, కానుగ చెట్లను రోడ్డు వెడల్పు కొరకు కొట్టివేయునప్పుడు పోవునది సైకిలువాని పైకప్పే.

చోటు లేదన్న ఆక్షేపణ మరింత బలమైనది. బజారు వీధులు నిజముగానే ఇరుకు. కాని ఆ ఇరుకులో నిలిపియున్న కార్లకు చోటు దొరకుచున్నదన్న సంగతి మరువరాదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానము రోడ్డు స్థలమును పంచుటలో లెక్క వాహనములది కాక మనుష్యులది కావలెనని చెప్పినది. అన్ని వీధులలోను ప్రత్యేక బాట అక్కరలేదు. వేగము 30 దాటకుండ చేసినచో చిన్న వీధులు బాట లేకయే సైకిలుకు క్షేమకరమగును. ప్రత్యేక బాట అవసరమైనది పెద్ద రోడ్లపైనను కూడళ్ళలోను మాత్రమే.

ప్రయత్నము జరుగలేదని చెప్పరాదు. 2020లో కేంద్ర ప్రభుత్వము నగరములకు సైకిలు అనుకూలతపై పోటీ పెట్టగా వరంగల్లు అందు పాల్గొని, 2021లో బహుమతి పొందిన 11 నగరములలో ఒకటియైనది. ఇట్టి పోటీలలో నగరములు గీతలు గీసి, స్తంభములు పాతి, వీధిని మార్చి చూచును. పరీక్షగా వేసిన గీత వానకు చెరిగిపోక శాశ్వతమైన గట్టుగా మారినప్పుడే బహుమతి సార్థకమగును.

ఇక ఈ ప్రాంతపు విషయము. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల పట్టణములు జిల్లా కేంద్రములైనవి. కార్యాలయములు, కళాశాలలు, ఆసుపత్రులు పెరుగుచున్నవి, వాటివెంట వాహనములు. హైదరాబాదు చేయలేని పని ఈ పట్టణములు చేయగలవు. ఇక్కడ ఊరి ఒక చివరనుండి మరొక చివరకు దూరము సైకిలుకు మించినది కాదు. బస్సు స్టేషను, బజారు, కలెక్టరు కార్యాలయము, కళాశాల అన్నియు ఒక విద్యార్థి తొక్కుకొని పోగల దూరములోనివే. అచ్చంపేట వంటి ఊరు మరింత చిన్నది. పెద్ద నగరము వంతెనలు కట్టి, ఇండ్లు కూల్చి, తరువాత సైకిలుకు చోటు వెదకుచున్నది. చిన్న పట్టణము ముందుగానే ఆ చోటును విడిచిపెట్టినచో వ్యయము స్వల్పము. రోడ్డు వెడల్పు చేయు పటము మీద ఒక గీత ఇప్పుడు చేర్చుట తేలిక. పదేండ్ల తరువాత ఆ గీత కొరకు దుకాణములు కూల్చవలసి వచ్చును.

ఆ గీత ఎక్కడ ఉండవలెనో చెప్పగలవారు పాఠశాలలలోనే ఉన్నారు. సైకిలుపై వచ్చు విద్యార్థులు తమ ఇంటినుండి బడివరకు దారిని పటముగా గీసి, ఎక్కడెక్కడ భయపడి దిగుచున్నారో గుర్తులు పెట్టినచో అది భూగోళ పాఠమును అగును, పురపాలక సంఘమునకు సమర్పింపదగిన విన్నపమును అగును. ఇరువదిమంది పిల్లల గుర్తులు ఒకే కూడలిపై పడినచో ఆ కూడలిని గూర్చి వేరు సాక్ష్యము అక్కరలేదు.

మన్ననూరు ద్వారమువద్ద జింకకొరకు లారీ ఆగుచున్నది. ఊరి కూడలిలో బడిపిల్లకొరకు అది కనీసము నెమ్మదించినను, ఆ ఊరు సైకిలుకు మంచి ఊరగుటకు మొదటి అడుగు పడినట్లే.