రెండు కేబుళ్లు, ఏడు మోడ్‌లు

మొన్న ఆదివారం దోసెలు పోస్తుంటే డల్లాస్ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. నాలుగేళ్లు హెచ్4 మీద ఇంట్లో ఉండి, ఈఏడీ వచ్చాక ఈమధ్యే లినక్స్ అడ్మిన్‌గా చేరింది.

"అక్కా, రేపు కొత్త సర్వర్ పెట్టాలి. రెండు నెట్‌వర్క్ కార్డులున్నాయి, బాండింగ్ చేయమన్నారు. చూస్తే ఏడు మోడ్‌లు! ఏది పెట్టను? మేనేజర్‌ని అడిగితే ఈమాత్రం తెలీదా అనుకుంటాడేమో."

ఆ చివరి మాట నాకు బాగా తెలుసు. స్టవ్ కట్టేసి కూర్చున్నాను.

ఈ పని చేయనివాళ్ల కోసం చెప్తున్నా: బాండింగ్ అంటే రెండు కార్డుల్ని కలిపి ఒకటే కార్డులా వాడుకోవడం. ఎలా కలపాలన్నదే మోడ్. సున్నా నుంచి ఆరు దాకా ఉన్నాయి.

నా మొదటి ఉద్యోగంలో నేనూ ఎవర్నీ అడగలేదు. మనం ఏమీ చెప్పకపోతే లినక్స్ మోడ్ 0 తీసుకుంటుంది. ఒక ప్యాకెట్ ఈ కార్డు మీద, తర్వాతది ఆ కార్డు మీద, వంతులవారీగా పంపుతుంది. వేగం రెట్టింపవుతుంది కదా అని అలాగే వదిలేశాను. కానీ కేబుళ్లు రెండు వేరే స్విచ్‌లకు వెళ్లాయి. వాటికి ఒకే మ్యాక్ అడ్రస్ ఓసారి ఇటు, ఓసారి అటు కనిపిస్తోంది. పైగా ప్యాకెట్లు వరస తప్పితే, పోయాయనుకుని టీసీపీ మళ్లీ పంపుతుంది. రాత్రి రెండింటికి ఫోన్, ఆర్డర్ల స్క్రీన్ కదలట్లేదని. తెల్లవారితే మా అమ్మాయి పుట్టినరోజు. గంటల తరబడి వెతికి, విసుగొచ్చి, డేటా సెంటర్‌లో ఉన్నతన్ని ఒక కేబుల్ పీకేయమన్నాను. అంతా చక్కబడింది! కేకు కోసిన ఫోటోల్లో నా కళ్లు చూడాలి.

అందుకే తనని ముందు ఒకటే అడిగాను: కేబుళ్లు ఎక్కడికి వెళ్తున్నాయి, ఆ స్విచ్‌లు ఎవరి చేతిలో ఉన్నాయి?

"రెండు వేరే స్విచ్‌లు. నెట్‌వర్క్ టీమ్‌వి. ప్రతిదానికీ టికెట్ పెట్టాలి."

అయితే మోడ్ 1 పెట్టమన్నాను. ఒక కార్డు పనిచేస్తుంది, రెండోది కాచుకుని ఉంటుంది. స్విచ్ వైపు ఏమీ మార్చక్కర్లేదు.

"మోడ్ 4 అయితే రెండు పదులూ కలిసి ఇరవై గిగాబిట్లు వస్తాయంటున్నారు?"

వస్తాయి, చాలామంది ఒకేసారి వాడుతుంటే. ఒక్క కనెక్షన్ మాత్రం ఒక్క కేబుల్ మీదే పోతుంది. రాత్రి నడిచే ఒక్క పెద్ద బ్యాకప్ కాపీ పది దాటదు. పైగా మోడ్ 4కి స్విచ్‌లోనూ ఎల్ఏసీపీ పెట్టాలి. రెండు స్విచ్‌లైతే అవి జతకట్టి ఒకటిలా నడిచేవై ఉండాలి. నెట్‌వర్క్ టీమ్ ఆ పని చేసిపెడితే నేనూ మోడ్ 4కే ఓటేస్తాను. మిగతావి నాకు ఎప్పుడూ అవసరపడలేదు.

ఇంకొకటి. లింకు పోయిందో లేదో చూసే మిమాన్ 100 మిల్లీసెకన్లు పెట్టుకో అన్నాను. అది కూడా పక్కనున్న స్విచ్ దాకానే చూస్తుంది. లైటు వెలుగుతూనే ఆ స్విచ్‌కి అవతల దారి మూసుకుపోయిందనుకో, దానికి తెలీదు. ఆ భయముంటే మిమాన్ బదులు ఏఆర్‌పీతో గేట్‌వేని పలకరించేలా పెట్టాలి. మోడ్ 1లో అది కుదురుతుంది, 4లో కుదరదు.

"అన్నీ అయ్యాక పింగ్ నడుస్తుండగానే ఒక కేబుల్ పీకి చూడు. మళ్లీ పెట్టి రెండోది పీకు. అది చూడకుండా ఇంటికి రాకు" అన్నాను. మేనేజర్‌ని కూడా అడగమన్నాను, ఏ మోడ్ అని కాదు, మీకు వేగం కావాలా, ఆగకుండా ఉండటం కావాలా అని.

సోమవారం సాయంత్రం వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. చేతిలో పీకిన కేబుల్, వెనక స్క్రీన్ మీద పింగ్ నడుస్తూనే ఉంది. మేనేజర్ పక్కనే నిలబడి మోడ్ 1 ఎందుకని అడిగాడట, చెప్పిందట.

ఆ ఆదివారం మా ఇంట్లో మాత్రం దోసెలు మధ్యాహ్నం రెండింటికి తిన్నారు.