తప్పిన రోజు తరువాత

ఆరోగ్య నియమాలను గూర్చి మనకు లభించే పుస్తకాలూ ఉపన్యాసాలూ చాలవరకు ప్రారంభాన్ని గూర్చే మాట్లాడుతాయి. ఎన్ని గంటలకు లేవాలి, ఎంత దూరం నడవాలి, ఏమి తినాలి, ఏమి మానాలి అన్నవి వివరంగా చెబుతాయి. ఒకనాడు నియమం తప్పితే ఆ మరునాడు ఏమి చేయాలన్నది మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. కాని నియమాలు భగ్నమయ్యేది సాధారణంగా ఆ మరునాడే.

ఈ సంగతి నాకు షాలిమార్‌లో బాగా తెలిసివచ్చింది. కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీనది పడమటి ఒడ్డున, హౌరాలో ఉన్నది షాలిమార్. చెన్నై పోయే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఇక్కడినుంచే బయలుదేరుతుంది. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం నదికి ఆవలి ఒడ్డున గార్డెన్ రీచ్‌లో ఉన్నది. 2003 వరకు వాల్తేరు డివిజను ఆ రైల్వేలోనే ఉండేది గనుక, ఉద్యోగరీత్యా ఇటు వచ్చి స్థిరపడిన ఉత్తరాంధ్రులు ఈ ప్రాంతంలో ఉన్నారు. రైల్వేలో పనిచేసినంతకాలం నడిచీ నిలబడీ గడిపిన మనుషులు, విశ్రాంతి లభించగానే కుర్చీకి అంటుకుపోతారు. ఆ తరువాత వైద్యుడు హెచ్చరిస్తాడు. అప్పుడు శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కు ఉదయపు నడక మొదలవుతుంది.

ఆ తోటను 1787లో స్థాపించారు. (1793లో దానికి అధిపతిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు మన సామర్లకోటలో పనిచేసినవాడు, కోరమాండల్ తీరపు మొక్కలకు తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకొన్న పెద్దమనిషి. ఇది ప్రస్తుతాంశం కాదు గాని, ఆ తోటలో అడుగుపెట్టిన తెలుగువాడు చెప్పకుండా ఉండలేడు.) చలికాలంలో అక్కడ కొత్త ముఖాలు, కొత్త బూట్లు విరివిగా కనిపిస్తాయి. వానలు పట్టేసరికి పాతవారే మిగులుతారు.

మాతో నడిచే వారిలో పలాస ప్రాంతంనుంచి వచ్చి గూడ్సు గార్డుగా పదవీవిరమణ చేసిన పెద్దాయన ఒకరు. పదిహేనేళ్ళుగా మధుమేహం. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకొంటాయి గనుక ఆయనకు నడక మందుతో సమానం. పైగా పాదాలలో స్పర్శ తగ్గుతున్నదని వైద్యుడు కనిపెట్టాడు. స్పర్శ లేని పాదానికి చిన్న గాయమైనా తెలియదు. తెలియని గాయం ముదిరితే కాలే తీయవలసి రావచ్చు. అందుచేత రోజూ నడవాలి, నడిచి వచ్చాక అరికాళ్ళు పరీక్షించుకోవాలి. ఎనిమిది నెలలు ఆయన ఒక్కనాడూ తప్పలేదు. తరువాత శ్రావణమాసపు వానలు, ఇంట్లో ఇల్లాలికి జ్వరం. మూడు వారాలు నడక ఆగిపోయింది. వానలు తగ్గాయి, ఆమె కోలుకొన్నది, ఆయన మాత్రం రాలేదు. చేపల బజారులో ఎదురుపడి, “ఏం బాబాయిగారూ, కనబడడమే మానేశారు?” అని అడిగాను.

“ఏం మొహం పెట్టుకొని రమ్మంటావు బాబూ? ఎనిమిది నెలల తపస్సు మట్టిలో కలిసిపోయింది. మళ్ళా ఒకటో అడుగునుంచి మొదలెట్టాలంటే సిగ్గుగా ఉంది” అన్నారు.

ఆయనను ఆపినది సోమరితనం కాదు, సిగ్గు. నియమాన్ని ఆయన గొలుసుగా భావించారు. ఒక లంకె తెగితే గొలుసంతా పోయినట్టే. పెద్దలు కూడా అలాగే బోధించారు. అలవాటు గట్టిపడేవరకు ఒక్క మినహాయింపు అయినా ఇవ్వరాదని విలియం జేమ్స్ 1890లో రాశాడు. అయితే లండనులో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని పన్నెండు వారాలు పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితాలు కొంత ఊరటనిస్తాయి. అలవాటు స్థిరపడడానికి పట్టే కాలం ఒకరికి 18 రోజులైతే, మరొకరికి 254 రోజుల వరకు ఉండవచ్చునని అంచనా. నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన దాని పెరుగుదలకు చెప్పుకోదగిన హాని కలగలేదు. మూడు వారాలు ఒక రోజు కాదు, నిజమే. దేహబలం కొంత తగ్గుతుంది. ఆ తగ్గినంత మేరకు మొదట తక్కువ దూరం నడిస్తే సరిపోతుంది.

వీరుల కథలు మనకు ప్రేరణ ఇస్తాయంటారు. మనోహర్ ఆయిచ్ కథ ఇక్కడ తెలియనివారుండరు. నాలుగడుగుల పదకొండంగుళాల మనిషి. 1951లో మిస్టర్ యూనివర్స్ పోటీలో రెండవ స్థానం వస్తే లండనులోనే ఉండి సాధన చేసి 1952లో గెలిచాడు. 2016లో నూటనాలుగేళ్ళ వయస్సులో మరణించాడు. గొప్ప జీవితమే. కాని మూడు వారాలు నడక మానిన ముసలాయనకు ఆ కథ చెబితే సిగ్గు మరింత పెరుగుతుందే తప్ప తగ్గదు. అంతకంటె నాకు డాక్టర్ జాన్సన్ మేలనిపిస్తాడు. పెందలకడ లేస్తానని ఏటేటా దినచర్యలో సంకల్పం రాసుకొనడం, తప్పడం, మళ్ళీ రాసుకొనడం. 1775 నాటికి, అరవై అయిదేళ్ళ వయస్సులో, ఆ భగ్నసంకల్పాల జాబితాను తానే తిరగవేసి చూసుకొని, అయినా మరోసారి ప్రయత్నిస్తానన్నాడు.

పెద్దాయనను వెనక్కు తెచ్చినది మాత్రం జాన్సనూ కాదు, నేనూ కాదు. మాతో నడిచే ఒక బెంగాలీ మిత్రుడు ఒకనాటి ఉదయం ఆయన వాకిట నిలిచి, “దాదా, చా ఖాబేన్?” అన్నాడు. టీ తాగుతారా అని. అంతే. ఎందుకు రావడం లేదని అడగలేదు, ఆరోగ్యమే మహాభాగ్యమని చెప్పలేదు. టీ దుకాణం తోట గేటు పక్కనే ఉన్నది. అక్కడిదాకా పోయి, మట్టికప్పులో చక్కెర లేని టీ తాగి, తిరిగి ఇల్లు చేరేసరికి, ఆయన ప్రమేయం లేకుండానే, ఆనాటి నడక అయిపోయింది. పక్కనే కాగుతున్న జిలేబీల వంక చూడకుండా ఉండడం అంతకంటె కష్టమని తరువాత ఆయనే చెప్పారు.

నాలుగు రోజుల తరువాత తోటలోకి వచ్చారు. వారంలో పెద్ద మర్రిదాకా. ఆ మర్రికి మొదటి మాను లేదు. 1864, 1867 తుఫానుల తాకిడి తరువాత బూజు తెగులు సోకి కుళ్ళిపోతే 1925లో దానిని తొలగించారు. మూడువేలకు పైబడిన ఊడల మీద నిలిచి, చుట్టూ వేసిన 330 మీటర్ల బాటను కూడా దాటి పెరిగింది. 2020 మే నెలలో అంఫాన్ తుఫానుకు కొన్ని ఊడలు పోయాయి.

కిందటి పుష్యమాసంలో పెద్దాయన కాలి బొటనవేలి పక్కన చిన్న పుండు కనిపించింది. రోజూ చూసుకొంటున్నారు గనుక మొదటి రోజే తెలిసింది. పుండు మానేవరకు పాదంపై భారం మోపరాదని వైద్యుడన్నాడు. పన్నెండు రోజులు కుర్చీలో కూర్చుండి చేతుల వ్యాయామం చేశారు. పదమూడవనాడు మేము వెళ్ళేసరికి టీ దుకాణం బల్లమీద మాకంటె ముందే కూర్చుని ఉన్నారు.

“ఇవాళ గేటుదాకా వచ్చాను బాబూ. మర్రి సంగతి డాక్టరు చెప్పినప్పుడు చూద్దాం” అన్నారు.