ఆసక్తి మంచిదే, కానీ దేనిమీద?

2025 జూన్ 3న బెంగళూరు జట్టు పద్దెనిమిదేళ్ల ఎదురుచూపు తరువాత తొలిసారి ఐపీఎల్ కప్పు గెలిచింది. మరునాడు చిన్నస్వామి స్టేడియం దగ్గర విజయోత్సవానికి జనం పోటెత్తారు. గేట్ల వద్ద జరిగిన తొక్కిసలాటలో 11 మంది మరణించారు. అంతకు ఆరు నెలల ముందు, 2024 డిసెంబరు 4 రాత్రి, హైదరాబాదు సంధ్య థియేటర్‌లో ‘పుష్ప 2’ చూడవచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో ప్రాణం కోల్పోయింది. ఆమె కుమారుడు కొన ఊపిరితో ఆసుపత్రి పాలయ్యాడు.

చనిపోయినవారిని నిందించడం మన పని కాదు. ఏర్పాట్లలో తప్పెవరిదో న్యాయస్థానాలు తేలుస్తాయి. అయితే అభిమానం హద్దు దాటినప్పుడు పక్కనున్న మనిషి కనబడడు. ఈ మాట సంఘానికి కూడా వర్తిస్తుంది.

మన మధ్య ఆసక్తికి కొదువ లేదు. ఇష్టమైన బోధకుణ్ణి ఎవరైనా విమర్శిస్తే వాట్సాప్ గ్రూపుల్లో రాత్రింబగళ్లు వాదిస్తాము. కన్వెన్షన్ ఫ్లెక్సీలో ఎవరి ఫొటో పెద్దదని అలుగుతాము. పాస్టరేట్ ఎన్నికలు వస్తే ఒకే బల్లలో పాలుపొందేవారు రెండు వర్గాలై పోతారు. అదే వారంలో ఆ వీధిలోనే ఒక విధవరాలికి జ్వరం వస్తే చూసివచ్చేవారు ఉండరు. కొరింథు సంఘంలో పౌలు ఖండించిన వర్గాభిమానం ఇటువంటిదే.

ఆ పౌలుకే ఒకప్పుడు ఆసక్తి ఎక్కువై సంఘాన్ని హింసించాడు (ఫిలిప్పీ 3:6). దమస్కు మార్గంలో ప్రభువు అతని ఆసక్తిని ఆర్పివేయలేదు, దాని దారి మళ్లించాడు. జ్ఞానం లేని ఆసక్తి ఎంత ప్రమాదమో రోమా 10:2లో అతడే హెచ్చరించాడు. పుదీనాలో, జీలకర్రలో దశమభాగం లెక్కగట్టి ఇచ్చే శాస్త్రులను ప్రభువు గద్దించింది కూడా ఇందుకే. న్యాయము, కనికరము, విశ్వాసము అనే ప్రధానమైనవాటిని వారు విడిచిపెట్టారు (మత్తయి 23:23).

మన తెలుగు సంఘ చరిత్రలోనే దీనికి చక్కని సాక్ష్యముంది. 1876-78 మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొంతభాగం కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో అలమటిస్తున్నవారికి కూలి దొరికేలా చేశారు. బాప్తిస్మం కోరినవారు ఎందరో ఉన్నారు. అన్నం కోసం క్రైస్తవులయ్యారనే మాట రాకూడదని ఆయన కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆత్మల కొరకు అంత తపన గల మనిషి సంఖ్యను పక్కనపెట్టి ముందు మనిషి ఆకలి చూశారు. కరువు సహాయం ముగిశాక, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ప్రియ పాఠకులారా, మన ఆసక్తి ఎటు పోతున్నదో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కరలేదు. ఈ వారం మనకు కోపం తెప్పించినదేమిటి? నిద్ర మానుకొని చేసినదేమిటి? అడగకుండానే డబ్బు తీసి ఇచ్చినది దేనికి? ఈ మూడు జవాబులను మత్తయి 22:37-40 ఎదుట పెట్టి చూద్దాం. దేవుని ప్రేమ, పొరుగువాని ప్రేమ వాటిలో ఎక్కడైనా కనబడుతున్నాయా?

క్రికెట్ చూడవచ్చు, మనకు మేలుచేసిన బోధకుణ్ణి గౌరవించవచ్చు. కానీ హృదయంలోని మొదటి స్థానం ప్రభువుది. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక, మందిరానికి రాలేకపోయిన ఒక్కరి ఇంటికైనా వెళ్లి పలకరించి, వారితో ప్రార్థన చేసి వద్దాం. మన ఆసక్తిని అక్కడినుండి సరిదిద్దుకుందాం.