వర్షపు మొత్తం కంటే బెట్ట వ్యవధి ముఖ్యం

వర్షాధార వ్యవసాయంలో ఎంత వాన కురిసిందన్న దానికంటే రెండు వానల మధ్య ఎన్ని రోజుల ఎడం వచ్చిందన్నదే తరచుగా పంట భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది. ఆగస్టు 1 నుండి 3 వరకు, తిరిగి 28 నుండి 31 వరకు మంచి వానలు పడితే నెలసరి వర్షపాతం సాధారణ స్థాయికి చేరవచ్చు. కాని మధ్యనున్న 24 రోజుల బెట్ట ఆ అంకెలో కనబడదు. అనంతపురం ఎర్ర నేలలలో వేరుశనగ ఊడలు దిగే దశలో ఉన్నప్పుడు ఇంతటి బెట్ట వస్తే దిగుబడి తీవ్రంగా దెబ్బతింటుంది. అందుచేత విస్తరణ శాస్త్రవేత్తకు కావలసినది నెల మొత్తం కాదు. బెట్ట ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగిసిందన్న పట్టిక.

రోజువారీ వర్షపాతం డేటాబేస్‌లో ఉన్నచోట ఈ పట్టికను ఒక చిన్న క్వెరీతోనే రాబట్టవచ్చు. భారత వాతావరణ శాఖ ప్రమాణం ప్రకారం 2.5 మి.మీ. లేదా అంతకు మించి వర్షం నమోదైన రోజు వర్షపు దినం. అంతకు తక్కువ నమోదైన రోజులను మాత్రమే ఎన్నుకొని, తేదీల క్రమంలో 1, 2, 3 అని వరుస సంఖ్యలు ఇవ్వాలి. పిదప ప్రతి తేదీ నుండి దాని వరుస సంఖ్యను అన్ని రోజులుగా తీసివేయాలి. ఆగస్టు 4, 5, 6 పొడి దినాలైతే వాటి సంఖ్యలు 1, 2, 3. మూడింటికీ వచ్చే ఫలితం ఆగస్టు 3. ఏడవ తేదీన వాన కురిసి 8, 9 తిరిగి పొడిగా ఉంటే వాటి సంఖ్యలు 4, 5. ఫలితం ఆగస్టు 4. ఫలితం ఒకటైన తేదీలన్నీ ఒకే బెట్టకు చెందుతాయి. ప్రతి సమూహంలో మొదటి తేదీ, చివరి తేదీ, రోజుల సంఖ్య తీసుకుంటే పట్టిక సిద్ధమవుతుంది. పలు మండలాల వివరాలు కలిసి ఉన్నప్పుడు వరుస సంఖ్య ప్రతి మండలానికి 1 నుండి ప్రారంభం కావాలి.

అయితే క్వెరీ లెక్కిస్తుందే గాని విచక్షణ చూపదు. నమోదు కాని రోజును సున్నాగా నింపితే, ఆ రోజు కురిసిన వాన మరుగునపడి లేని బెట్ట పుట్టుకొస్తుంది. ఆ రోజును పూర్తిగా వదిలివేస్తే ఒకే బెట్ట రెండుగా చీలిపోతుంది. ‘వివరం లేదు’ అన్నది సున్నాకు భిన్నమైన సమాచారమని పట్టికలోనే స్పష్టం చేయాలి. అట్లే 3 మి.మీ. జల్లు నిర్వచనం ప్రకారం బెట్టను ముగిస్తుంది. వేరు మండలాన్ని మాత్రం తడపదు. నల్లరేగడిలో పైరు తట్టుకొనే వ్యవధికి తేలిక ఎర్ర నేలలో తట్టుకోలేదు. కనుక వర్షపు పరిమితిని, కనీస రోజులను నేలను, పంట దశను బట్టి నిర్ణయించవలసినది సస్య శాస్త్రవేత్తయే. ఆ నిర్ణయాన్ని పట్టికతో పాటు ప్రకటించనిచో ఇద్దరు పరిశోధకుల ఫలితాలను పోల్చడం సాధ్యం కాదు.

ఈ నైపుణ్యాన్ని కంప్యూటర్ నిపుణులకే విడిచిపెట్టడం ఉచితం కాదు. సస్య శాస్త్ర విద్యార్థులు తమ పరిశోధనా స్థానపు రోజువారీ వర్షపాతంపై ఈ క్వెరీని స్వయంగా వ్రాసి, ఫలితాన్ని వర్షమాపక పుస్తకంతో సరిచూడడం ప్రయోగ తరగతులలో భాగం కావాలి. రక్షక తడి ఎప్పుడు ఇవ్వాలో, అంతరకృషి ఎప్పుడు చేయాలో రైతుకు సూచించేవారు బెట్ట తేదీలను ముందుగా తామే ఎరిగి ఉండాలి.